మైకుకు మినహాయింపు కలదు

మానవజాతి ఇంతవరకు నిర్మించుకున్న వ్యవస్థలన్నింటిలోనూ పరిపూర్ణమైనది పిల్లల ఆటల పోటీ. రైల్వేకు రైలు కావాలి. ఆసుపత్రికి రోగి కావాలి. ఆఖరికి పెళ్లికి కూడా పెళ్లికొడుకంటూ ఒకడుండాలి. పిల్లల ఆటల పోటీకి మాత్రం ఆటా అక్కర్లేదు, పిల్లలూ అక్కర్లేదు. షామియానా, మైకు, శాలువా ఉంటే చాలు, నిర్విఘ్నంగా జరిగిపోతుంది. (కుర్చీలు కూడా కావాలని కొందరు వాదిస్తారు. అంత లోతుకు మనం పోవద్దు.)

నంద్యాలకూ ఆళ్లగడ్డకూ నడుమ, శిరివెళ్లలో పరుపులు కుట్టుకుని బతికినవాణ్ని. మా బడి మైదానాన్ని చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. అది ఏడాది పొడుగునా ఖాళీగా ఉండదు. జొన్నల కాలంలో జొన్నలు ఆరబోస్తారు, మొక్కజొన్న కాలంలో మొక్కజొన్న. పెళ్లిళ్ల కాలంలో వంటపొయ్యిలు తవ్వుతారు. ఎన్నికల కాలంలో హెలికాప్టరు దిగడానికి సున్నంతో పెద్ద గుండ్రం గీస్తారు. వీటన్నిటికీ మధ్య మిగిలిన సందులో పిల్లలు ఆడుకోవచ్చని పెద్దలు ఉదారంగా ఒప్పుకున్నారు. ఒకసారి ఆ సున్నపు గుండ్రంలో పిల్లలు గుంపుగా చేరి కబడ్డీ ఆడుతుంటే, నలుగురు రైతులు పూలదండలు పట్టుకొని పరుగున వచ్చి, "ఎవురప్పా దిగేది?" అని ఆకాశం వైపు చూస్తూ సాయంత్రం దాకా నిలబడ్డారు. దండలు వాడిపోయాయి గానీ వాళ్ల నమ్మకం వాడలేదు.

ఇక పోటీ రోజు. పిల్లలు పొద్దున్నే వచ్చి వరసల్లో కూర్చోవాలి. ముఖ్య అతిథి ఎండ నెత్తికెక్కాక వస్తారు. జ్యోతి వెలిగిస్తారు, గాలికి అది ఆరిపోతుంది, మళ్లీ వెలిగిస్తారు. తర్వాత ‘క్రీడాకారుల పరిచయం’ అనే ఘట్టం. అతిథి ఒక్కొక్క పిల్ల చెయ్యి పట్టుకొని ఊపుతూ, ఆ పిల్లను కాక ఫోటో తీసేవాణ్ని చూస్తారు. ఉపన్యాసాల్లో ఆటల వల్ల ఆరోగ్యం కలుగుతుందని వివరిస్తుండగా వెనక వరసలో ఇద్దరు కళ్లు తిరిగి పడిపోతారు. అప్పుడు ఆట మొదలవుతుంది. భోజనాలు వచ్చాయని తెలియగానే ముగుస్తుంది. వేళ మరీ చాలకపోతే బొమ్మా బొరుసూ వేసి గెలుపు తేలుస్తారు. (మా బడి అద్దాల బీరువాలో ఉన్న ఒకే ఒక్క షీల్డు అలా వచ్చినదే. ఆ జట్టు కెప్టెన్ నెల రోజులు నాణెం ఎగరేయడం సాధన చేసిందని చెప్పుకుంటారు.)

ఇలాంటి సంపూర్ణ వ్యవస్థలో పెరిగిన నేను, ముసలితనంలో, ఇవేవీ లేని ఒక మైదానం ముందు నిలబడవలసి వచ్చింది.

మా చెల్లెలి కూతురు షమా ఐర్లాండులో నర్సు. ఆమెకు రెండో కాన్పయితే పథ్యం వండిపెట్టడానికి నా భార్య జాన్‌బీని పిలిపించుకుంది. జాన్‌బీ సామానులో కారంపొడి, ఊరగాయ, నేను ఉన్నాం. విమానాశ్రయంలో ఊరగాయను మాత్రం ఆపేశారు.

ఆ దేశంలో వాన పడితే ఆట ఆగదు. వాన ఆగితేనే జనం అనుమానంగా ఆకాశం వైపు చూస్తారు. అలాంటి ఒక తడి శనివారం నాడు షమా తన పెద్ద కొడుకు, ఆరేళ్ల ఇర్షాద్ ఫుట్‌బాల్ ఆట చూడ్డానికి నన్ను వెంట తీసుకుపోయింది. మైదానం చూసి, నిజమేనా అని వంగి నేల తడిమాను. ఇంత ఎత్తున పచ్చటి గడ్డి. దాని మీద ఏదీ ఆరబోసి లేదు.

"ఏమ్మే షమా, ఈ గడ్డి ఎవురి గొర్రెలకు?"

"ఎవురి గొర్రెలకూ కాదు మామా. పిల్లోళ్లు ఆడుకునేదానికి."

"దానికేనా? మళ్ల పంట యాడ ఆరబోస్తారు?"

"మామా, నువ్వు రొంతసేపు గమ్మునుండు."

ఆమె నన్ను గమ్మునుండమన్నది విసుగుతో కాదనీ, ఆ రోజుకు అది అక్కడి నియమమనీ కాసేపటికి తెలిసింది. మైదానం చుట్టూ తాడు కట్టారు. తాడు ఇవతల తల్లిదండ్రులు. ఆ శనివారం మౌన శనివారమట. చప్పట్లు కొట్టవచ్చు గానీ నోరు తెరవకూడదు. పెద్దవాళ్లు అరిస్తే పిల్లలు బెదిరిపోతారని ఏర్పాటు. పచ్చ కోటు వేసుకున్న ఒక పెద్దావిడ బుట్టలో పుల్లల మిఠాయి పెట్టుకొని అందరికీ ఒక్కొక్కటి పంచుతోంది, నోటికి తాళం మాదిరి. బస్సు నడిపేవాడు, డాక్టరు, ఇంజనీరు, ఆరడుగుల మగవాళ్లు వరసగా వానలో నిలబడి, నోట్లో నుంచి పుల్ల బయటికి పెట్టుకొని, కళ్లు మాత్రం ఆడిస్తున్నారు. అంత క్రమశిక్షణ నేను మా ఊళ్లో పోలీసు జీపు వచ్చినప్పుడు కూడా చూడలేదు.

మా ఇర్షాద్ గోలు దగ్గర నిలబడి పసుపు పూలు కోసుకుంటున్నాడు. బంతి వాడి వైపే దొర్లుకుంటూ వస్తోంది. తెలిసిన నియమాలన్నీ మరిచిపోయాను.

"రేయ్ ఇర్షాదూ! పట్రా! పువ్వు కాదురా, బంతి!"

బంతి గోల్లోకి పోయింది. అవతలి జట్టు పిల్లలు ఎగిరి గంతేశారు. అది చూసి మా జట్టు పిల్లలూ గంతేశారు. పచ్చ కోటావిడ నవ్వుతూ నా దగ్గరికి వచ్చి, ఏదో మెత్తగా చెప్పి, నా చేతిలో ఒక పుల్ల పెట్టింది.

"ఏమంటాంది?" అన్నాను షమాతో.

"నీ ఉత్సాహం చూసి సంతోషమంట. ఇది నోట్లో పెట్టుకోమంటాంది."

"నాయి కట్టుడు పండ్లని చెప్పు."

"ఆమెకు నీ పండ్లతో పనిల్యా మామా. నీ నోటితోనే పని."

ఇంతలో ఇర్షాద్ బూటు తాడు ఊడింది. కట్టి వద్దామని నేను మైదానం తాడు ఎత్తానో లేదో, ఇద్దరు మనుషులు పరుగున వచ్చి అడ్డం నిలబడ్డారు. పిల్లల మధ్యకు పోవాలంటే పోలీసులు విచారించి ఇచ్చిన ధ్రువపత్రం ఉండాలట.

"మనవని బూటు తాడు కట్టేదానికి పోలీసోళ్లను అడగల్నా?"

"ఎవురైనా అడగల్ల మామా. ఈ కోచ్ కూడా తెచ్చుకున్నాడు."

ఆట అయిపోయింది. ఎవరు గెలిచారని అడిగాను. నా పక్కాయన భుజాలు ఎగరేశాడు. ఆయన పక్కాయన నవ్వాడు. "లెక్క పెట్టరు మామా, చిన్నపిల్లోళ్లు గదా" అంది షమా. పిల్లలందరికీ కమలాపండు ముక్కలు ఇచ్చారు, మెడలో తలా ఒక పతకం వేశారు. గోలు దగ్గర పూలు కోసినందుకు మావాడికి ‘ప్రకృతి ప్రేమికుడు’ అని పతకం వచ్చింది. ఓడిపోయినవాడు ఎవడూ లేని పోటీని చూసి నాకు దిగులు పుట్టింది. ఇంత మందిలో ఒక్కడైనా ఏడవకపోతే ఇది ఆట ఎట్లా అవుతుంది?

కారులో ఇంటికి పోతుంటే వెనక సీట్లో నా పక్కన కూర్చున్న ఇర్షాద్ నా చెవి దగ్గరికి వచ్చాడు.

"ఏడు, రెండు తాతా. మేమే ఓడిపోయినాం."

"ఎవురు చెప్పినార్రా?"

"మాకందరికీ తెలుసు. పెద్దోళ్లకు చెప్పగూడదంతే."

అదీ ఆ దేశం గొప్పతనం. అక్కడ పెద్దలు లెక్కపెట్టరు, పిల్లలు దాచుకుంటారు. మా వైపు పెద్దలే లెక్కపెడతారు, పిల్లలకు మాత్రం చెప్పరు.

తిరిగొచ్చాక శిరివెళ్ల బస్టాండు పక్క టీ అంగట్లో ఈ సంగతులన్నీ ఉన్నదున్నట్టు చెప్పాను. (టీలో కూడా కాస్త చక్కెర వేస్తాం కదా, అంత మాత్రం వేశాను.) నోరు తెరిచిన తండ్రిని ఒక గదిలో కూర్చోబెట్టి ఏనుగు బొమ్మకు రంగులు వేయిస్తారని చెప్పాను. అక్కడ రెఫరీ ఈల ఊదితే శబ్దం రాదు, పిల్లలకు గుండెల్లో వినపడుతుందని చెప్పాను. శనివారం పూట ఆ మైదానం మీదుగా పోయే పిట్టలు కూడా రెక్కలు ఆడించకుండా జారుకుంటూ పోతాయని చెప్పాను.

"కత చెప్తాండావు ఖలందరన్నా" అన్నాడు ఆటో నడిపే యోహాను.

"నా పండ్ల మీద ఒట్టప్పా."

"అయ్యి ఊడొచ్చే పండ్లు గదన్నా!"

అంగడి మొత్తం నవ్వింది, ఒక్క మనిషి తప్ప. జీపు టైరు పంక్చరయి, అది అతుకు పడేదాకా మూల బల్ల మీద కూర్చున్న ఆ పెద్దమనిషి పేరు క్రాంతి కుమార్. ఆళ్లగడ్డలోని ‘బాలక్రీడల సమన్వయ, పర్యవేక్షణ మరియు పునఃపర్యవేక్షణ కార్యాలయా’నికి అధిపతి. (పర్యవేక్షణ జరిగిందా లేదా అని పర్యవేక్షించడం పునఃపర్యవేక్షణ.) ఆయన నా మాటలు మొదటి నుంచి చివరిదాకా విన్నారు. ఒక్కసారి కూడా నవ్వలేదు. కార్యాలయాల్లో పైకి వచ్చే మనుషులను అలాగే గుర్తుపట్టాలి.

పది దినాలు తిరక్కుండా ‘అంతర్జాతీయ మౌన క్రీడా విధానం’ అనే ఉత్తర్వు అన్ని బడులకూ చేరింది. పోటీ జరుగుతున్నంతసేపు మైదానపు తాడు లోపల గానీ వెలుపల గానీ ఏ వ్యక్తియు నోటితో శబ్దము చేయరాదు. చేసినవారు తక్షణమే బయటకు పంపబడుదురు. మైకుకు మినహాయింపు కలదు. (మైకు వ్యక్తి కాదు గనుక.) గెలుపోటములు లెక్కింపబడవు, ఫలితములు సముచిత సమయమున ప్రకటింపబడును. ఇందులో లెక్కించకపోవడం ఐర్లాండు నుంచి వచ్చింది. లెక్కించకుండా ప్రకటించడం మన సొంతం.

పుల్లల మిఠాయి దొరకనందున ప్రేక్షకుల నోళ్లకు బుడ్డల ఉండలు మంజూరయ్యాయి. (వేరుశనగలను మేము బుడ్డలంటాం. బెల్లం పాకం ముదిరితే ఆ ఉండతో గోడకు మేకు కొట్టవచ్చు.) ప్రేక్షకులు తమ మౌనాన్ని ‘మౌనమిత్ర’ అనే యాప్‌లో ముందుగా నమోదు చేసుకోవాలి. అన్ని వివరాలూ నింపాక ఆ యాప్, "నేను మౌనంగా ఉన్నాను అని గట్టిగా చెప్పండి" అని అడుగుతుంది. మెల్లగా చెబితే ఒప్పుకోదు. వారం పాటు శిరివెళ్ల వీధుల్లో ఎటు చూసినా మగవాళ్లు ఫోను నోటి దగ్గర పెట్టుకొని మౌనంగా ఉన్నామని బొబ్బలు పెట్టారు. యోహాను మౌనం ఐదోసారికి గానీ నమోదు కాలేదు.

ఆళ్లగడ్డ శిల్పుల చేత పెదవుల మీద వేలు పెట్టుకున్న బాలిక రాతిబొమ్మ ఒకటి చెక్కించి, పోటీ జరిగే అక్కడి మైదానం గేటు దగ్గర నిలబెట్టారు. బొమ్మ అందంగా ఉంది. ఆ రాయిని చెక్కడంలో పుట్టిన శబ్దానికి పక్క బడికి రెండు రోజులు సెలవిచ్చారు.

ఇంతవరకు నాకూ సరదాగానే ఉంది. సరదా తీరింది మా ఇంట్లోనే.

నా కొడుకు అక్బర్ కూతురు తస్నీమ్ తొమ్మిదో తరగతి. శిరివెళ్ల ఆడపిల్లల కబడ్డీ జట్టులో కూతకు పోయేది ఆమే. నేను వయసులో ఉన్నప్పుడు బండి తోసుకుంటూ, "పాత పరుపులు ఏకుతాం, కొత్త పరుపులు కుడతాం" అని ఒక్క ఊపిరిలో వీధి మొదటి నుంచి చివరిదాకా అరిచేవాణ్ని. ఆ ఊపిరి అక్బర్‌ను దాటేసి నేరుగా తస్నీమ్‌కు వచ్చింది. ఆమె కూత మొదలుపెడితే శిరివెళ్లలో బస్సెక్కినవాడు ఆళ్లగడ్డలో దిగేటప్పటికి కూడా ఆపదు. (బస్సు దారిలో ఆగకపోతేనే లెండి.) ఆళ్లగడ్డ పోటీలో గెలిస్తే నంద్యాలలో జిల్లా పోటీకి పోవచ్చు. వచ్చే ఏడు పదో తరగతి. పదో తరగతి పిల్లలకు కాళ్లుంటాయని మా వైపు బడులు నమ్మవు, మైదానం వైపు చూడనివ్వవు. ఆడితే ఈ ఏడే ఆడాలి.

ఉత్తర్వు చదివి ఆ పిల్ల నా మంచం దగ్గరికి వచ్చి నిలబడింది.

"జేజినాయనా, ఇది నువ్వు టీ అంగట్లో చెప్పిన కతే గదా?"

"అంతా కాదు. మైకు నాది కాదు."

"నోరు మూసుకోని కబడ్డీ ఎట్లాడల్ల?"

వంటింట్లో నుంచి జాన్‌బీ అందుకుంది. "ఆ దేశమామె నోట్లో పుల్ల పెట్టినా ఊరికుండల్యా మీ జేజినాయన. ఈడికొచ్చి ఆ పుల్ల పిల్లోళ్ల నోట్లో పెట్టినాడు."

కబడ్డీ తెలియనివాళ్లు మనలో ఉండరు గానీ, కార్యాలయాలు కూడా చదువుతాయేమోనని చెబుతున్నాను. కూతకు పోయిన పిల్ల అవతలి కోర్టులో ఉన్నంతసేపు ఊపిరి తీసుకోకుండా "కబడ్డీ, కబడ్డీ" అంటూనే ఉండాలి. కూత తెగితే అవుట్. ఇది ఆట నిబంధన. కూత పెడితే అవుట్. ఇది ఉత్తర్వు.

తస్నీమ్ బడిలో ఆటలు నేర్పే ప్రేమకుమారి టీచరు నన్ను వెంటబెట్టుకొని ఆళ్లగడ్డ కార్యాలయానికి పోయింది. క్రాంతి కుమార్ గారు మమ్మల్ని కూర్చోమన్నారు. (కుర్చీలు పోటీ కోసం పంపించేశారు. నిలబడ్డాం.)

"సార్, కూత పెట్టకుంటే అవుట్, పెడితే అవుట్. పిల్లోళ్లు ఏం చెయ్యల్ల మీరే చెప్పండి" అంది ప్రేమకుమారి.

"ఐర్లాండులో పిల్లలు ఏం చేస్తున్నారు మేడమ్?"

"ఆడ కబడ్డీ లేదు సార్."

"చూశారా! అందుకే అక్కడ ఏ ఇబ్బందీ రాలేదు."

ఆయన కాసేపు కళ్లు మూసుకొని ఆలోచించి ఒక సడలింపు ప్రసాదించారు. "కూత మనసులో అనుకోవచ్చు."

"మనసులో అనుకున్నట్టు రెఫరీకి ఎట్ల తెలుస్తాది సార్?"

"స్వీయ ధ్రువీకరణ. నేను ఎడతెగకుండా కబడ్డీ అనుకున్నాను అని ఆ అమ్మాయి రాసిస్తే సరిపోతుంది. పైన గెజిటెడ్ అధికారి సంతకం ఉండాలి."

"అవతలోళ్లు కాళ్లు పట్టి లాగేటప్పుడు యాడ రాస్తాది సార్?"

"లాగినవాళ్లు సాక్షి సంతకం చేస్తారు."

ఇక నేను కల్పించుకోక తప్పలేదు. "సారూ, ఆ కత చెప్పినోణ్ని నేనే. అందులో సగం అబద్ధం."

ఆయన మొదటిసారి నా వైపు శ్రద్ధగా చూశారు. "ఏ సగం?"

"ఆ... పిట్టలది."

"పిట్టలకు మేము ఇంకా ఉత్తర్వు ఇవ్వలేదు. కాబట్టి సవరణ అవసరం లేదు" అని లేచి నిలబడ్డారు.

పోటీ రోజు వచ్చింది. యోహాను తన ఆటోలో జట్టు మొత్తాన్నీ, టీచర్నీ, నన్నూ ఎక్కించుకున్నాడు. ఎవరి మోకాలు ఎవరిదో తెలియకుండా ఆళ్లగడ్డలో దిగాం. తస్నీమ్ దారి పొడుగునా మాట్లాడలేదు. ఊపిరి దాచుకుంటోందని నేను అనుకున్నాను. నా మీద కోపమని యోహాను అన్నాడు.

ముఖ్య అతిథి వచ్చి రాతిబొమ్మ మీది తెర తీశారు, జ్యోతి వెలిగించారు, పిల్లల చేతులు ఊపారు. ప్రేక్షకులకు ఉండలు పంచారు. నేను కొరికాను. ఉండ విరగలేదు. నా పైవరస పండ్లు మొత్తంగా ఊడి ఉండతో పాటు నా చేతిలోకి వచ్చాయి. ఆ రోజు ఉత్తర్వును నా అంత సంపూర్ణంగా పాటించిన ప్రేక్షకుడు మరొకడు లేడు.

శిరివెళ్ల, ఆత్మకూరు జట్లు దిగాయి. రెఫరీ హిమజ టీచరు. ఈల ఊదడం నోటితో చేసే శబ్దమే గనుక ఆమె చేతికి తువ్వాలు ఇచ్చారు. తువ్వాలు ఊపింది. మా పిల్ల ఒకతె నోరు మూసుకొని కూతకు పోయింది. కూత లేదు గనుక అవుట్. ఆత్మకూరు పిల్ల వచ్చింది, అలవాటు కొద్దీ "క" అంది. శబ్దం చేసింది గనుక అవుట్. కబడ్డీలో ఇవతల ఒకరు అవుటయితే, అంతకుముందు అవుటయిన అవతలి జట్టు పిల్ల ఒకతె తిరిగి లోపలికి వస్తుంది. కాబట్టి ఒకతె పోవడం, ఒకతె రావడం, మళ్లీ ఒకతె పోవడం. బ్యాంకులో టోకెను పిలిచినట్టు ఎంతో పద్ధతిగా సాగింది. తోపులాట లేదు, చెమట లేదు. చూస్తున్న క్రాంతి కుమార్ గారి ముఖంలో ఒక వెలుగు కనిపించింది. బొత్తిగా ఎవరూ ఆడకుండా కబడ్డీ జరగడం ఆయన కల.

కార్డులెస్ మైకు ఆయన చేతిలోనే ఉంది. కుర్చీలిచ్చినవారికి, నీళ్లిచ్చినవారికి, నీళ్లు ఇస్తామన్నవారికి వందనాలు చెబుతూనే ఉన్నారు. ఇంతలో అతిథి గడియారం చూసుకున్నారు. అతిథి గడియారం చూసుకుంటే ఆట ఆగాలి. హిమజ తువ్వాలు దించింది. తరువాతి కూత మా జట్టుది. వంతు తస్నీమ్‌ది.

ఆ పిల్ల గీత మీద నిలబడి ఒకసారి రాతిబొమ్మను చూసింది, ఒకసారి నన్ను చూసింది. (నా చేతిలో పండ్లు చూసి నవ్వు ఆపుకుంది.) ఆ తర్వాత నేరుగా వేదిక దగ్గరికి నడిచి, క్రాంతి కుమార్ గారి చేతిలోని మైకు దగ్గర మూతి పెట్టింది.

"సార్, ముఖ్య అతిథి గారికి మా జట్టు తరఫున ధన్యవాదాలు చెప్తా సార్."

ఈ కోరికను కాదనగల అధికారి మన రాష్ట్రంలో ఇంకా పుట్టలేదు. ఆయన పొంగిపోయి మైకు ఆమె చేతిలో పెట్టారు.

"ఎండలో కూడా మా కోసం వచ్చిన ముఖ్య అతిథి గారికి శిరివెళ్ల జట్టు ధన్యవాదాలు" అంటూ తస్నీమ్ మైకుతో సహా కోర్టు వైపు నడిచింది. హిమజ ఆమె ముఖం చూసింది, మైకు చూసింది, మెల్లగా తువ్వాలు ఎత్తి ఊపింది.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

నాలుగు దిక్కుల కట్టిన నాలుగు స్పీకర్లు ఒక్కసారి కూత పెట్టాయి. ఆళ్లగడ్డ ఊరు ఊరంతా అవతలి కోర్టయిపోయింది. బస్టాండులో కండక్టరు ఎవరో పట్టుకుంటారని వెనక్కి గెంతాడట. రాళ్లు చెక్కేచోట ఉలులు ఆగిపోయాయట. (ఇది మాత్రం నాకు వేరేవాళ్లు చెప్పారు. వాళ్లకు పండ్లు సొంతవి.)

కోర్టులో ఆరుగురు ఆత్మకూరు పిల్లలు కొయ్యబారిపోయారు. పట్టుకోవాలో వద్దో తెలియదు. పట్టుకుంటే ముఖ్య అతిథికి చెబుతున్న ధన్యవాదాలను మధ్యలో ఆపినట్టవుతుంది. వాళ్ల కెప్టెన్ చందన ఉండబట్టలేక, "ఏమే, పట్టల్నా వద్దా?" అంది. నోటితో అంది. హిమజ తువ్వాలు చూపించింది. అవుట్. మిగిలినవాళ్లలో ఒకతె భుజం, ఒకతె మోచెయ్యి, ఇద్దరి వీపులు, పారిపోతున్న చివరిదాని జడ. అందరినీ తాకి, స్పీకర్లు వణుకుతుండగా తస్నీమ్ వెనక్కి తిరిగి గీత దాటింది.

"...కబడ్డీ కబడ్డీ కబడ్డీ. సెలవు."

జనం నోళ్లలో ఉండలు. అరవలేరు. అరవలేని జనం చప్పట్లు కొడితే ఎట్లా ఉంటుందో నేను అప్పుడే చూశాను, షామియానా గుంజ ఒకటి వంగింది. ప్రేమకుమారి టీచరు ఏడుస్తూ శబ్దం రాకుండా ఎగురుతోంది. యోహాను రెండు చేతులతో నోరు మూసుకొని నేల మీద దొర్లుతున్నాడు. గేటు దగ్గరి రాతిబొమ్మ పెదవుల మీది వేలు తీసి మళ్లీ పెట్టుకుందని చెబితే మీరు నమ్మరు. ఒట్టు వేద్దామంటే నా పండ్లు ఉండలో ఉన్నాయి.

క్రాంతి కుమార్ గారు జేబులో నుంచి ఉత్తర్వు తీసి చదివారు. మైకుకు మినహాయింపు కలదు. మడిచారు. మళ్లీ విప్పి చదివారు. అది తన సంతకంతోనే ఉంది. అతిథి మాత్రం, "ఈ అమ్మాయి ధన్యవాదాలు భలే చెప్పిందయ్యా" అని మెచ్చుకొని కారెక్కి పోయారు.

ఫలితం అక్కడ చెప్పలేదు. సముచిత సమయం రెండు వారాల తర్వాత వచ్చింది. పోటీలో పాల్గొన్న జట్లన్నీ సమానంగా గెలిచినట్టు ప్రకటించారు. నంద్యాలలో ఆడబోయే జట్టును మాత్రం మౌనం ప్రాతిపదికగా ఎంపిక చేశారు. పోటీ మొత్తంలో ఒక్కసారి కూడా శబ్దం చేయని ఏడుగురు అందుకు అర్హులయ్యారు. ఆ ఏడుగురూ కోర్టులోకి దిగకుండా పక్కన కూర్చొని ఉండలు తిన్న అదనపు ఆటగాళ్లు. తస్నీమ్ పేరు కూడా ఉంది, చివర్న, ‘స్వాగత వచనములు మరియు వందన సమర్పణ’ అనే విభాగంలో. ముఖ్య అతిథి గారి ప్రత్యేక కోరిక మేరకు.

ఆ సాయంత్రం జాన్‌బీ కూడా నన్నేమీ అనలేదు. నాకు దానికే భయమేసింది. ఐర్లాండు నుంచి షమా వీడియోలో పలకరించింది. ఆమె భుజం మీదుగా ఇర్షాద్ తల దూర్చాడు.

"అక్కా, కబడ్డీలో గెలిచినావా?"

"ఆరుగురినీ కొట్టొచ్చినా రా."

"అయితే నంద్యాలకు పోతాండావా?"

"పోతాండా."

"ఆడేదానికి?"

"ధన్యవాదాలు చెప్పేదానికి."

వాడు ముఖం ఫోనుకు ఆనించి, గొంతు తగ్గించి, "ఆరు, సున్నా" అన్నాడు. "పెద్దోళ్లకు చెప్పన్లే."

నంద్యాల పోటీకి నేనూ పోయాను. ఉండలు ఖాళీ అయినందున మౌన విధానం అప్పటికే ఎత్తేశారు. ఎవరు ఎంతైనా అరవవచ్చు. కూతలు పెట్టవచ్చు. తస్నీమ్ ఆటబట్టలు వేసుకొని, జడ బిగించి, మైకు ముందు నిలబడి, అతిథులకు ఒక్కొక్కరికీ పేరుపేరునా స్వాగతం చెప్పింది. ఆమె కాళ్లు మాత్రం ఒకచోట నిలవడం లేదు. కోర్టు అక్కడికి నాలుగు అంగలే.

ఏర్పాట్లలో కార్యాలయంవారు చేసిన మార్పు ఒక్కటే. ఈసారి మైకుకు తీగ పెట్టించారు. ముందురోజే టేపు పట్టి, రెండుసార్లు సరిచూసి, కోర్టు గీతకు జానెడు ఇవతల ఆగేలా దాన్ని కత్తిరించారు. మా వైపు పిల్లల ఆటల్లో అంత కచ్చితంగా కొలిచిన కొలత ఇంతవరకు మరొకటి లేదు.